మూత్రపిండం తిరిగి ఇచ్చేదెంత?

సభకు నమస్కారం.

మూత్రపిండాలు ఎక్కడుంటాయని అడిగితే చాలామంది నడుము మీద చెయ్యి వేసి చూపిస్తారు. అసలు చోటు అంతకంటే కొంచెం పైన. వెన్నెముకకు ఇరుపక్కలా, పన్నెండో వక్ష కశేరుక (ఛాతీ వెనుక వెన్నుపూస) మొదలుకొని మూడో కటి కశేరుక (నడుము వెన్నుపూస) వరకు, పైభాగం చివరి పక్కటెముకల చాటున ఉండేలా అవి అమరి ఉంటాయి. పేగులను కప్పే పొరకు అవి వెనుక ఉన్నాయి కాబట్టే శస్త్రవైద్యులు ఆ పొరను తెరవకుండా వీపు వైపు నుంచి వాటిని చేరుకోగలరు. కుడివైపు కాలేయం పెద్ద చోటు ఆక్రమించడంతో ఆ పక్క మూత్రపిండం కాస్త కిందికి జరిగి ఉంటుంది.

ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల లోపు బరువు ఉంటుంది. రెండూ కలిపి శరీరం బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వీటికే వెళుతుంది. ఇంత రక్తం ఆ కణజాలాన్ని పోషించడానికి అవసరం లేదు. అది శుద్ధి కోసం వస్తున్న రక్తం.

ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షల వరకు నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని శుద్ధిచేసే అతి చిన్న విభాగాలు, ఉంటాయి. నెఫ్రాన్ మొదట్లో ఉండేది రక్తకేశనాళికల గుచ్ఛం. ఇటలీకి చెందిన మాల్పీజీ 1666లో ఈ ఉండలను వర్ణించాడు కానీ, వాటిని కప్పిన గుళికే ముందుకు సాగి నాళికగా మారుతుందని 1842లో ఇంగ్లండుకు చెందిన బౌమన్ తేల్చేదాకా వాటి పని స్పష్టపడలేదు. శరీరంలో మిగతా చోట్ల కేశనాళికలు సాధారణంగా సిరలోకి చేరుతాయి. ఇక్కడ మాత్రం ఒక ధమనిక, అంటే సన్నని ధమని, నుంచి బయలుదేరి మరో ధమనికలోకే చేరుతాయి. బయటకు పోయే ధమనిక లోనికి వచ్చే దానికంటే సన్నం. అందువల్ల గుచ్ఛంలో ఒత్తిడి నిలిచి, నీరు, లవణాలు, చక్కెర, యూరియా గుళికలోకి జారిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు ఆగిపోతాయి.

ఇలా రోజుకు జారేది 180 లీటర్లు. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల డబ్బాలతో లెక్కిస్తే తొమ్మిది డబ్బాలు. మనం విసర్జించేది మాత్రం లీటరున్నర. కాబట్టి మూత్రపిండాన్ని వడపోత యంత్రమని మాత్రమే చెప్పే పాఠ్యపుస్తకాల అలవాటు నాకు నచ్చదు. వడపోత అందులో సులువైన పని. వడపోసిన దానిలో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఏరి రక్తానికి తిరిగి ఇవ్వడమే కష్టమైన పని, ఆ పని చేసేది నాళిక.

గుళికను ఆనుకుని మెలికలు తిరిగిన తొలి భాగమే నీటిలో, సోడియంలో మూడింట రెండు వంతులను, ఆరోగ్యవంతుల్లో చక్కెరనంతటినీ వెనక్కి లాగేస్తుంది. ఆ తరువాత నాళిక దవ్వలోకి, అంటే మూత్రపిండం లోపలి భాగంలోకి, దిగి, మళ్లీ పైకి వస్తుంది. ఈ వంపును మన పుస్తకాలు హెన్లీ శిక్యం అన్నాయి. శిక్యమంటే ఉట్టి; వేలాడే తీరుకు ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. ఈ వంపు వల్లే దవ్వ లోతుకు వెళ్లేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది, నాళికల నుంచి వచ్చే ద్రవాన్ని పోగుచేసే సంగ్రహణ నాళాల్లోని నీటిని ఆ ఉప్పదనమే గుంజుకుంటుంది. మండువేసవిలో మూత్రం చిక్కబడేది ఇలాగే.

గుచ్ఛం, నాళిక అనే ఈ తేడా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం విషయంలో మనకు బాగా అవసరం. అక్కడ ఎందరినో పీడిస్తున్న, కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ప్రధానంగా నాళికలనూ వాటి మధ్యనున్న కణజాలాన్నీ దెబ్బతీసే రకం. గుచ్ఛం పాడైతే మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోయి, ముఖం, కాళ్లు వాచి, మనిషి త్వరగా వైద్యుడి దగ్గరికి వస్తాడు. నాళికలు పాడైనప్పుడు ఆ సూచనలు తొలిదశలో అంతగా కనిపించవు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటకు పంపాల్సిన ఒక వ్యర్థం) పరీక్ష చేస్తేనే సంగతి బయటపడుతుంది.

మూత్రపిండం లోపల గరాటులా ఉండే ద్రోణిలో చేరిన మూత్రాన్ని సుమారు 25 సెంటీమీటర్ల మూత్రనాళం కిందికి తీసుకువెళుతుంది. దాని గోడలోని కండరం అలలు అలలుగా ముడుచుకుంటుంది కనుక పడుకున్నా ప్రయాణం ఆగదు. ద్రోణి నుంచి బయలుదేరే చోట, కటి అంచున పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయం గోడను చీల్చుకుని వెళ్లే చోట నాళం ఇరుకవుతుంది. రాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఈ మూడు చోట్లే. నొప్పి నడుము పక్క నుంచి గజ్జల దాకా పాకుతుంది. చివరి ఇరుకు చోట నాళం ఏటవాలుగా దూరడం వల్ల, మూత్రాశయం నిండినప్పుడు దాని గోడే నాళాన్ని నొక్కి, మూత్రం వెనక్కి ఎగదన్నకుండా ఆపుతుంది.

మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడతాయి. అందులో సగం నిండకముందే మొదటి కబురు అందుతుంది. అక్కడి నుంచి బయటకు దారి ప్రసేకం. స్త్రీలలో అది 4 సెంటీమీటర్లే కావడంతో సూక్ష్మజీవులు సులువుగా పైకి పాకుతాయి. పురుషులలో 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కానీ, మొదట్లోనే ప్రొస్టేట్ గ్రంథి మధ్య నుంచి సాగుతుంది. వయసు మీద పడి గ్రంథి పెరిగితే ధార సన్నబడేది అందుకే. గుచ్ఛం నుంచి ఇక్కడి దాకా ఈ మార్గంలో నేరుగా మన ఇష్టానికి లోబడేది ప్రసేకం చుట్టూ ఉన్న వెలుపలి కండర వలయం ఒక్కటే, అది కూడా పుట్టిన రెండు మూడేళ్లకు గానీ మన చేతికి రాదు.