ఎత్తి పారేసే ముందు ఒకసారి తట్టి చూడండి

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ వరసగా రాసుకొచ్చాను గానీ, పులిహోర ఘుమఘుమ ఇక్కడిదాకా వచ్చేసింది. పెద్దలు మన్నించాలి. నాకిచ్చిన విషయం 'ఇంగ్లండులో పెరటి తోట'. గోంగూర ఎప్పుడు చల్లాలి, బీరపాదుని గ్రీన్‌హౌస్‌లో ఎలా పాకించాలి అన్నవి మా ఆవిడనడగండి, మూడో వరసలో కూర్చుంది. నేను మడి గురించి మాట్లాడను. మడి అంచు గురించి మాట్లాడతాను.

మీలో 1914కి ముందు కట్టిన ఇళ్లలో ఉంటున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, సగం మంది ఉన్నారే! సరే, దించండి. మీతోనే నాకు పని.

వాల్సాల్‌లో మా ఇల్లు 1890ల నాటిది. కొన్నప్పుడు పెరట్లో దారి పొడవునా, మడి అంచుకి, కాల్చిన మట్టి టైల్స్, నీలినలుపు పలకలు, సగం మట్టిలో కూరుకుని ఉండేవి. పైఅంచు తాడు పేనినట్టు మెలికలు. వాటిని చూడగానే నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. పూలమొక్కల చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి, ఒకదానికి జాజు, ఒకదానికి సున్నం పూసేవాళ్లం. పంద్రాగస్టు ముందురోజు ఆ పని ఐదో తరగతిది. ఈ కథ మా అమ్మాయికి చెప్పాను. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. మర్నాడు షెడ్డులో ఉన్న పెయింటు డబ్బాలు తీసి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, వరసంతా పూసి పెట్టింది! ఫోటో తీసి మా అమ్మకి పంపాను. ఆ తర్వాత పదేళ్లు వాటి మొహం చూడలేదు.

పదేళ్లకి పేషియో, అదే పెరట్లో రాళ్లు పరిచిన అరుగు, వేయించాలన్న బుద్ధి పుట్టింది. ఒక బిల్డరు వచ్చాడు, పేరెందుకులెండి. "ఈ చెత్తంతా ఎత్తెయ్యడానికి 180 పౌండ్లు" అన్నాడు. ఇచ్చాను. టీ పెట్టి మరీ ఇచ్చాను. మొత్తం 46 టైల్స్, రెండు మూల స్తంభాలు. ఆ లెక్క అప్పుడు చూసుకున్నది కాదు, తర్వాత ఫోటోలో లెక్కపెట్టుకున్నది. ఎందుకో చెప్తాను, కాస్త ఆగండి.

ఇవి విక్టోరియా రాణి కాలపు సరుకు. ఇటుక మీద 1784లో వేసిన పన్ను 1850లో తీసేశారు. రైళ్లొచ్చి బరువు మోత తేలికైంది. వరస ఇళ్లు లేచాయి, ఒక్కోదానికీ చారెడు తోట, గులకరాళ్ల దారి. మడిలో మట్టి దారిలోకి జారకుండా అంచు కావాలి. మురుగు పైపులు చేసే బట్టీలు ఇవి కూడా చేసేవి. గోధుమరంగులో నిగనిగలాడేవి మీ పెరట్లో ఉంటే, అది ఉప్పు మెరుపు. మండుతున్న బట్టీలో ఉప్పు వేస్తే ఆవిరై మట్టి మీద గాజుపొరలా అంటుకుంటుంది. లండన్ లాంబెత్‌లో డౌల్టన్ వాళ్లు దీనికి పెట్టింది పేరు. నగరంలో ఆ పొగ కుదరదన్నాక 1956లో ఆ కార్ఖానా మూతపడింది.

మా పెరట్లో ఉన్నలాంటి నీలినలుపువి, మన స్టాఫర్డ్‌షైర్ నీలం అంటారే, వాటి కథ వేరు. ఇక్కడి ఎట్రూరియా మార్ల్ అనే ఎర్రమట్టిలో ఇనుముంటుంది. గాలి అందనివ్వకుండా గట్టిగా కాలిస్తే ఎరుపు కాస్తా నీలినలుపుకి తిరుగుతుంది. మన కుమ్మరి ఆవం కప్పేసి, పొగ ఊదరబెట్టి నల్లకుండ తీస్తాడే, అదే విద్య. వేడి మాత్రం బాగా ఎక్కువ. అందుకే ఇవి మంచుకి పగలవు. మెత్తగా కాలిన ఎర్రవైతే నీరు పీల్చి, చలికాలం గడ్డకట్టి పొరలు పొరలుగా ఊడిపోతాయి.

మా అమ్మమ్మ సంతలో కుండ కొంటే వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటేనే బేరం. ఇదిగో, ఈ బల్ల మీద రెండు పెట్టాను, వినండి. ఇది... విన్నారా? ఇప్పుడిది... దబ్బు! రెండోది కాంక్రీటు నకలు. చిట్లిన చోట కంకర కనిపిస్తుంది చూడండి. పాతదానికి నడుం దగ్గర ఒక గీత ఉంటుంది: కింద మట్టిలో ఉన్న రంగు, పైన ఎండావానా తిన్న రంగు. కొత్తదాన్ని పాతదిగా చూపించడానికి పెరుగు పూసి నాచు పెంచేవాళ్లున్నారు. నవ్వకండి, మనం అన్నంలో కలుపుకునే పెరుగే! నాచు వస్తుంది గానీ ఆ గీత అంత తేలిగ్గా రాదు.

ధర సంగతి. ఒక్కటి దొరికితే అది తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే. ఒకే అచ్చువి ఒక మడి చుట్టూ సరిపడా ఉంటే అప్పుడు విలువ. మెలిక పెచ్చు ఊడకూడదు. వెనక కార్ఖానా ముద్ర ఉంటే మంచిది. మూల స్తంభాలు మడికి నాలుగే కాబట్టి వాటికి గిరాకీ. యాసిడ్‌తో కడగొద్దు, బ్రష్షూ నీళ్లూ చాలు. ఇవి కొని అమ్మే పాతసామాను యార్డువాడి ధరలో మనకి సగం ముడితే గొప్పే.

యార్డంటే గుర్తొచ్చింది. మూడేళ్ల తర్వాత పాత తలుపు పిడి కోసం ఇళ్ల పాతసామాను యార్డుకి వెళ్లాను. ఒక మూల పన్నెండు టైల్స్ పేర్చి ఉన్నాయి. తాడు మెలికలు. ఒక్కోటి 9 పౌండ్లు. ఒకదాని మెలిక సందులో తెల్లటి చార. పక్కదాని సందులో ఎరుపు.

46 తొమ్ముల 414. దానికి నేను టీతో సహా ఇచ్చిన 180 కలపండి. మూల స్తంభాల ధర నేను అడగలేదు.

"పెయింటు మరకలున్నాయి, 8కి ఇస్తాలే" అన్నాడు యార్డు ఆయన. ఆ మరకలు మా అమ్మాయివేనని చెబితే నవ్వాడు. ఆయన తప్పేముంది, ఎక్కడో కొన్నాడు. మూడు కొనుక్కున్నాను, 24 పౌండ్లు. ఇందాక నేను తట్టింది అందులో ఒకటే.

మా ఆవిడ గడియారం చూపిస్తోంది. ఇందాక చేతులెత్తినవాళ్లు భోజనాలకి ముందు ఇటు రండి, మీ పెరటి ఫోటోలు ఫోన్‌లో చూపించండి. కంచె కింద, షెడ్డు వెనక, కంపోస్టు కుప్ప అడుగున కూడా ఉంటాయి. వచ్చేవారానికి స్కిప్, అదే చెత్త ఎత్తుకుపోయే పెద్ద ఇనప తొట్టి, చెప్పినవాళ్లెవరైనా ఉంటే, వాళ్లు అందరికంటే ముందు రావాలి.