మూడింట రెండు అని చదువుదాం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు.

చిత్తూరులో ఇరవై ఏళ్లకు పైగా ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పాను. భిన్నాల పాఠం రాగానే ఏటా నోటుబుక్కుల్లో ఒకే తప్పు. సగానికి మూడో వంతు కలపమంటే పైనున్న ఒకట్లు కలిపి రెండు, కిందున్న రెండూ మూడూ కలిపి ఐదు. జవాబు 2/5. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందమ్మా అని అడిగితే బిక్కమొహం వేసేవారు.

చాలాకాలం ఆ తప్పు పిల్లలదే అనుకున్నాను. క.సా.గు., అంటే కిందున్న రెండు అంకెలతోనూ శేషం లేకుండా భాగించబడే అతి చిన్న సంఖ్య, తీయమని సూత్రం పదేపదే రాయించాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఇబ్బంది మనం భిన్నాన్ని చదివే తీరులో ఉంది. 'రెండు బై మూడు' అంటాం. చెవికి రెండు అంకెలు వినపడతాయి, రెండూ కలపదగ్గవే అనిపిస్తాయి. అదే 'మూడింట రెండు వంతులు' అనండి. కిందున్న హారం ముందు పలుకుతుంది, ముక్క ఎంతదో చెబుతుంది. పైనున్న లవం తర్వాత వచ్చి ముక్కలు ఎన్నో చెబుతుంది.

మామిడి తోటలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆరు టన్నుల తోతాపురి కాయ దిగిందనుకుందాం. సగం గుజ్జు ఫ్యాక్టరీకి, మూడో వంతు మండీకి పోయింది. సగమంటే ఆరింట మూడు. మూడో వంతంటే ఆరింట రెండు. మొత్తం ఆరింట ఐదు. 'ఆరింట' అనే మాట రెండుచోట్లా ఒకటే కాబట్టి దాన్ని ఎవరూ కలపరు. మూడు టన్నులూ రెండు టన్నులూ ఐదు టన్నులన్నట్టే. మనం అంతగా భయపెట్టే క.సా.గు. ఈ ఆరే.

మన అవ్వలకు ఇది కొట్టిన పిండి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. నాలుగణాల పావలా, రెండణాల బేడ, ఒక అణా చేతిలో పెడితే బడి ముఖం చూడని అవ్వ కూడా ఏడణాలని చెప్పేది. అంటే నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు కలిపి పదహారింట ఏడు! అన్నిటినీ అణాల్లోకి మార్చుకోవడమే సమాన హారం. పాత లెక్కల్లో పదహారో వంతు వీసం, ఎనిమిదో వంతు పరక. 'వీసమెత్తు' అని ఇప్పటికీ అంటున్నాం. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇంత ఆస్తి ఉంచుకుని పిల్లల చేత 'బై' అనిపించడం నాకు బాధగా ఉంటుంది.

గుణకారానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. 'సగంలో పావు' అన్నప్పుడు ఆ 'లో' యే గుణకారం. కాగితం మడిచి చూపిస్తే ఎనిమిదో వంతు కనిపిస్తుంది.

టెన్షనంతా భాగహారంతోనే. 'తిరగేసి గుణించు' అని వదిలేస్తాం. మూడు లీటర్ల పాలను పావు లీటరు గ్లాసుల్లో పోయండి. లీటరుకు నాలుగు గ్లాసులు, మూడు లీటర్లకు పన్నెండు. పావుతో భాగించడం నాలుగుతో గుణించడం ఎందుకైందో కళ్లముందే ఉంది. ఇప్పుడు ముప్పావు లీటరును అర లీటరు గ్లాసుల్లో పోయండి. ఒకటి నిండుతుంది, రెండోది సగం వస్తుంది. జవాబు ఒకటిన్నర. కొందరు పిల్లలు ఒకటింబావు అని రాస్తారు. వెంటనే కొట్టేయకండి. మిగిలింది పావు లీటరే, వాళ్లు పాలను సరిగానే కొలిచారు. ప్రశ్న అడిగింది గ్లాసులను. పావు లీటరు ఆ గ్లాసుకు సగమని ఒక్కసారి పోసి చూపిస్తే చాలు.

ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు ఇద్దరు బోర్డు దగ్గరికి వచ్చి మూడో వంతుకు నాలుగో వంతు కలుపుతారు. పెద్దలెవరూ జవాబు అందించకండి. 'పన్నెండింట' అని వాళ్లే మొదలుపెట్టేదాకా ఆగుదాం.