వండింది ఒకరు, వడ్డించింది ఇంకొకరా?

[తెరపై నల్లటి నేపథ్యం. తెల్లటి అంకెలు: 22-0-1]

ఈ మూడు అంకెలను ఒకసారి చూడండి. ప్రపంచంలో చాలాచోట్ల ఫుట్‌బాల్ జట్టు లెక్కను గెలుపు, డ్రా, ఓటమి అనే వరుసలో రాస్తారు. అమెరికావాళ్ళు ఓటమిని మధ్యలో పెడతారు. కాబట్టి ఇక్కడ సున్నా ఓటములది, ఒకటి డ్రాది. ఆటను కూడా వాళ్ళు సాకర్ అనే పిలుస్తారు. ఫుట్‌బాల్ అన్న పేరు అక్కడ చేతులతో ఆడే ఇంకో ఆటకు పోయింది మరి.

ఇది 2022 సీజన్‌లో చికాగో విశ్వవిద్యాలయం పురుషుల సాకర్ జట్టు లెక్క. ఆ డిసెంబర్ 3న సేలంలో (తమిళనాడు సేలం కాదు, వర్జీనియా రాష్ట్రంలోనిది) విలియమ్స్ కాలేజీ మీద 2-0తో గెలిచి జాతీయ టైటిల్ అందుకుంది. ఆ జట్టు చరిత్రలో అదే మొదటి టైటిల్. హెడ్ కోచ్ జూలియాన్ సిచ్‌కు ఆ జట్టుతో అదే మొదటి సీజన్. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ చరిత్రలో, పురుషుల సాకర్ జట్టును జాతీయ విజేతగా నిలిపిన తొలి మహిళ ఆమె.

కొత్త కోచ్ వచ్చీరాగానే కప్పు గెలిస్తే చప్పట్ల వెనకాల ఒక గొణుగుడు మొదలవుతుంది. ఆటగాళ్ళను ఏరి తెచ్చింది పాత కోచ్ కదా, వండింది ఒకరు, వడ్డించింది ఇంకొకరు, అని. ఆ మాటలో నిజం ఎంతో ఈ వీడియోలో లెక్క తీద్దాం. అవును, నిజంగానే కూడికలు, తీసివేతలు ఉన్నాయి.

[తెరపై: అమెరికా పటం. చిన్న చిన్న చుక్కలు వందల్లో వెలుగుతాయి]

ముందు ఈ పోటీ ఎలాంటిదో చూద్దాం. ఎన్‌సీఏఏలో మూడు అంచెలు ఉన్నాయి. టీవీలో కనిపించే పెద్ద విశ్వవిద్యాలయాలు డివిజన్ 1. మన కథ డివిజన్ 3లో నడుస్తుంది. ఇక్కడ పురుషుల సాకర్ ఆడే కాలేజీలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఆట బాగా ఆడతాడని ఫీజు తగ్గించడం నిషేధం. చదువును బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేయవచ్చు గానీ, ఆటను బట్టి ఒక్క డాలరు ఇవ్వకూడదు.

అలాంటప్పుడు ఆటగాణ్ణి కోచ్ ఎలా రప్పిస్తారు? మాటతో. ఉద్యోగంలో సగం మైదానంలో ఉంటే మిగతా సగం ఫోనులో ఉంటుంది. హైస్కూల్ కుర్రాళ్ళ ఆట చూడటానికి ఊళ్ళు తిరగాలి, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడాలి, మార్కులు సరిపోతాయో లేదో కనుక్కోవాలి. చికాగో లాంటి చోట అడ్మిషన్ దొరకడమే గగనం కాబట్టి, పది మందిని ఇష్టపడితే అందులో చదువు గడప దాటేది కొందరే. అంతా చేశాక ఆ కుర్రాడు వస్తానంటాడు. కాలేజీ పేరు చూసి కొంత, ఈ కోచ్ దగ్గర ఆడవచ్చని కొంత.

ఆ తర్వాత కోచ్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతారు. కుర్రాడు మిగిలిపోతాడు.

[తెరపై: ఖాళీ డ్రెస్సింగ్ గది. వరుసగా వేలాడుతున్న జెర్సీలు]

కోచ్ మార్పు అంటే పత్రికలో ఒక ఫొటో, రెండు పేరాలు. డ్రెస్సింగ్ గదిలో అది వేరేలా ఉంటుంది. సుమారు ముప్పై మంది కుర్రాళ్ళు కూర్చుని ఉంటారు. నాలుగో ఏడాదివాడికి ఇదే ఆఖరి సీజన్, ఇప్పుడు ప్రయోగాలంటే వాడికి భయం. రెండో ఏడాదివాడు కిందటేడు బెంచీ మీదే గడిపాడు, వాడికి ఇది కొత్త అవకాశం. కొత్తగా చేరబోయేవాడు ఎవరిని నమ్మి వచ్చాడో ఆ మనిషే లేరు. ఒకే వార్త, మూడు రకాల మనసులు. ఎదురుగా నిలబడిన కొత్త కోచ్‌కు వీళ్ళ పేర్లు ఇంకా నోటికి రాలేదు.

మైదానంలో పరిస్థితీ అంతే. కాలేజీ సాకర్‌లో ఒక చిత్రమైన నియమం ఉంది. మ్యాచ్‌లో ఎంతమందినైనా మార్చవచ్చు. మొదటి సగంలో బయటికి వచ్చినవాడు ఆ సగంలో మళ్ళీ దిగకూడదు. రెండో సగంలో మాత్రం ఒకసారి తిరిగి దిగవచ్చు. ప్రపంచ కప్పులో కోచ్ చేతిలో ఉండేవి ఐదారు మార్పులే, ఇక్కడ బెంచీ మొత్తం ఉంటుంది. ముప్పయ్యో నిమిషంలో అలసిన వింగర్‌ను (మైదానం అంచున పరుగెత్తే ఆటగాణ్ణి) బయటికి పిలవాలా, ఇంకో పదిహేను నిమిషాలు ఓర్చుకోవాలా? వాడు ఎప్పుడు అలసిపోతాడో, పిలిస్తే ఎవరు ముఖం మాడ్చుకుంటారో పాత కోచ్‌కు నాలుగేళ్ళ అనుభవం చెబుతుంది. కొత్త కోచ్ వాటిని ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలల్లో నేర్చుకోవాలి. నవంబర్ వస్తే నాకౌట్ మొదలవుతుంది.

[తెరపై: స్టాగ్ ఫీల్డ్ పాత నలుపు తెలుపు ఫొటో]

చికాగో గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఈ విశ్వవిద్యాలయం ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో దిగ్గజం. కాలేజీ ఆటగాళ్ళకిచ్చే హైస్మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బెర్వాంగర్ ఇక్కడివాడే. చదువుకు ఆట అడ్డమని 1939లో ఆ జట్టునే రద్దు చేశారు. ఖాళీగా మిగిలిన స్టాగ్ ఫీల్డ్ గ్యాలరీల కింద 1942 డిసెంబర్ 2న భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం తొలిసారి అణు గొలుసు చర్యను నడిపించింది. ఇప్పుడు సాకర్ ఆడే స్టాగ్ ఫీల్డ్ అదే పేరుతో వేరే చోట కట్టినది. సేలం ఫైనల్‌కు, ఆ ప్రయోగానికి మధ్య సరిగ్గా ఎనభై ఏళ్ళ ఒక రోజు తేడా. దీనికి మన విషయంతో సంబంధం ఏమీ లేదు, నాకు నచ్చింది, చెప్పాను.

సిచ్ సంగతికి వద్దాం. ఆమె ఇల్లినాయ్ రాష్ట్రపు ఆడపడుచు. చికాగోలోనే ఉన్న డిపాల్ విశ్వవిద్యాలయానికి ఆడారు, తర్వాత చికాగో రెడ్ స్టార్స్ తరఫున ప్రొఫెషనల్ లీగులోనూ ఆడారు. ఇదే విశ్వవిద్యాలయంలో మహిళల జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. అంటే ఆ ప్రాంగణం ఆమెకు కొత్త కాదు, పురుషుల జట్టే కొత్త. అంతకుముందు ఆ జట్టును నడిపిన మైక్ బాబ్‌స్ట్ దాన్ని దేశంలోని బలమైన జట్ల వరుసలోకి తెచ్చి పెట్టారు. కప్పు ఒక్కటే బాకీ పడింది.

పురుషుల జట్టుకు మహిళ హెడ్ కోచ్ కావడం సిచ్‌తోనే మొదలు కాలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయం చికాగో ఆడే లీగులోనే ఉంది. ఆ లీగులో కార్నెగీ మెలన్ కూడా ఉంది, ఎంఎస్‌కు వెళ్ళిన పిల్లలున్న ఇళ్ళలో ఆ పేరు తెలియనిదేమీ కాదు. న్యూయార్క్ పురుషుల జట్టు పగ్గాలను 2015లో అందుకున్నది కిమ్ వయాంట్. అమెరికా మహిళల జాతీయ జట్టు 1985లో ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లో గోల్‌కీపర్ ఆమె. 2022లో ఈ రెండు జట్లు తలపడినప్పుడు, రెండు వైపులా మహిళలే హెడ్ కోచ్‌లుగా ఉన్న తొలి ఎన్‌సీఏఏ పురుషుల సాకర్ మ్యాచ్ అదే అయింది.

[తెరపై: 2022, 2023, 2024, 2025, 2026 గడులు]

ఇక లెక్క. కాలేజీ చదువు నాలుగేళ్ళు. సిచ్ బాధ్యత తీసుకున్నది 2022 సీజన్‌కు కొన్ని నెలల ముందు. అప్పటికి ఆ ఏడాది చేరబోయేవాళ్ళ దరఖాస్తుల గడువు దాటిపోయింది. కాబట్టి కప్పు గెలిచిన జట్టు దాదాపు మొత్తం పాత కోచ్ హయాంలో కుదిరినదే. సిచ్ తానే పిలిచి తెచ్చుకోగలిగిన మొదటి బ్యాచ్ 2023లో వస్తుంది. 2022లో చేరినవాళ్ళు చదువు ముగించి వెళ్ళాక, అంటే 2026 సీజన్‌కు గానీ, ఆమె రాకకు ముందు కుదిరినవాళ్ళు జట్టులోంచి పూర్తిగా ఖాళీ కారు.

అంటే గొణుగుడు నిజమేనా? సగం నిజం. పాలు కాచింది బాబ్‌స్ట్. కానీ పాలు కాస్తే పెరుగైపోదు. తోడు వేయాలి, వేశాక గిన్నెను కదపకూడదు. కొత్తగా వచ్చిన ఏ కోచ్‌కైనా ముందు చేతులు దురద పెడతాయి. ఆట తీరు మార్చాలి, కెప్టెన్‌ను మార్చాలి, కనీసం వార్మప్ అయినా మార్చాలి అనిపిస్తుంది. ఇరవై మూడు మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడని జట్టును చూస్తే, దేన్ని ముట్టుకోకూడదో తెలిసిన మనిషి దాన్ని నడిపారనే నేను అనుకుంటాను.

[తెరపై: పెన్సిల్వేనియా పటం. గ్రాంథమ్ దగ్గర చుక్క]

ఈ లెక్క చివరిదాకా తేలిన చోటు ఒకటుంది. పెన్సిల్వేనియాలోని గ్రాంథమ్‌లో మెసాయా, అప్పట్లో ఒక చిన్న క్రైస్తవ కాలేజీ. అక్కడ లేటన్ షూమేకర్ 1974 నుంచి 1996 దాకా కోచ్. ఆయన దగ్గర ఆడిన డేవ్ బ్రాంట్ 1997లో పగ్గాలు అందుకుని 2000, 2002, 2004, 2005, 2006, 2008లో, ఆరుసార్లు జాతీయ టైటిల్ గెలిచారు. ఆరో కప్పు తర్వాత అమెరికా నౌకాదళ అకాడమీ జట్టుకు వెళ్ళిపోయారు. అది డివిజన్ 1. ఆయన కుర్చీలో కూర్చున్నది అప్పటిదాకా సహాయకుడిగా ఉన్న బ్రాడ్ మెకార్టీ.

మెకార్టీ 2009లో గెలిచారు. బ్రాంట్ కుర్రాళ్ళే కదా అన్నా కాదనలేం. 2010లో గెలిచారు. అప్పటికీ రెండు మూడు బ్యాచ్‌లు పాతవే. 2012లో గెలిచారు. ఆ ఏడాది నాలుగో సంవత్సరంలో ఉన్నవాళ్ళు 2009లో చేరినవాళ్ళు, కోచ్ మారే వేళకు ఫోన్లు ఎవరు చేశారో చెప్పడం కష్టం.

2013కు వచ్చేసరికి జట్టులో పెద్దవాళ్ళు 2010లో చేరినవాళ్ళు. బ్రాంట్ గొంతు ఫోనులో విని వచ్చిన బ్యాచ్ ఒక్కటీ మిగల్లేదు. ఆ డిసెంబర్‌లో శాన్ ఆంటోనియోలో రట్గర్స్-కామ్డెన్ జట్టుతో ఫైనల్ జరిగింది. కప్పు గ్రాంథమ్‌కు వచ్చింది.

[తెరపై: 2013. చీకటి]