జర్మనీలో మొదటి వారాలు: పోస్టు డబ్బా మీద మన ఇంటిపేరు

[తెర మీద: బిల్డింగ్ గుమ్మం దగ్గర వరుసగా పోస్టు డబ్బాలు. ఒక డబ్బా మీద చేత్తో రాసిన చీటీ.]

నమస్తే అండీ. ఈ చీటీ చూశారా? చదువుకోవడానికి మాగ్డెబర్గ్ వచ్చిన కొత్తలో దీని అవసరం నాకు తెలియదు. పది రోజులు అతికించలేదు. ఈలోగా నాకు రావాల్సిన ఇన్సూరెన్స్ ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

మన దగ్గర ఫ్లాట్ నంబర్ ఉంటుంది, లేదంటే వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు. ఇక్కడ చాలా బిల్డింగుల్లో అడ్రస్‌లో ఫ్లాట్ నంబరే రాయరు. వీధి పేరు, బిల్డింగ్ నంబర్, ఆపైన డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా ఉన్న పేరు. ఆ పేరు కనపడకపోతే ఉత్తరం మీ చేతికి రాదు.

అదీ ఇంటిపేరు. మన ఊళ్లో ఇంటిపేరు పెళ్లి పత్రికలోనో, హాజరు పట్టీలోనో కనిపిస్తుంది గానీ దాంతో మనల్ని పిలిచేవాళ్లు తక్కువ. ఇక్కడ ఆఫీసులో, డాక్టర్ దగ్గర, అందరూ పిలిచేది దాంతోనే. ముందు మగవాళ్లకి ‘హెర్’ అనో ఆడవాళ్లకి ‘ఫ్రౌ’ అనో చేరుస్తారు, మన ‘గారు’ లాగా. మా తాతయ్య పేరు ముందు తప్ప ఎక్కడా వినని ఆ ఇంటిపేరు, ముక్కూ మొహం తెలియని ఒక జర్మన్ ఆవిడ నోట విన్నరోజు నాకు ఒళ్లు జలదరించింది.

[తెర మీద: సంతకం ఉన్న ఒక కాగితం, దగ్గరగా.]

డబ్బా తర్వాత ఈ కాగితం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగరపాలక ఆఫీసుకి వెళ్లి ‘నేను ఫలానా చోట ఉంటున్నాను’ అని నమోదు చేయించుకోవాలి. దాన్ని ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. అందుకు ఇంటి ఓనరో, హాస్టల్ వాళ్లో ‘వీళ్లు మా ఇంట్లో దిగారు’ అని రాసిచ్చిన కాగితం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఈ పని అయ్యాకే ట్యాక్స్ నంబర్ పోస్టులో ఇంటికొస్తుంది. వీసా కోసం మన ఖర్చులకని ముందే ఒక ఖాతాలో వేసి ఉంచిన డబ్బు ఉంది కదా, 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అది నెలకి 992 చొప్పున చేతికి రావాలంటే ఇక్కడ బ్యాంకు ఖాతా ఉండాలి. ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు, నమోదయ్యాక ఆ ఆఫీసు ఇచ్చే కాగితమే అడుగుతాయి. అందుకే ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఓనర్‌ని అడగండి: ‘నమోదుకి కాగితం ఇస్తారా?’ ఇవ్వనంటే అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు.

నేను దిగింది శనివారం రాత్రి. తెల్లారితే ఆదివారం. బియ్యం, పాలు కొందామని బయల్దేరి రెండు వీధులు తిరిగాను. సూపర్ మార్కెట్లన్నీ మూసి ఉన్నాయి. ఇక్కడ చట్టప్రకారం ఆదివారం దుకాణాలకి సెలవు. పెద్ద స్టేషన్లలో కొట్లు, పెట్రోల్ బంకులు, కాసేపు కొన్ని బేకరీలు మాత్రం ఉంటాయి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ రోజంతా అమ్మ కట్టిచ్చిన సున్నుండలే తిన్నాను. రైస్ కుక్కర్ తెచ్చుకున్నాను గానీ మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి గోడకి పట్టదు. అడాప్టర్ సూట్‌కేస్ అడుగున కాదు, చేతి సంచిలో పెట్టుకోండి.

[తెర మీద: సీసాలు మింగే మెషీన్. బయటికొచ్చే చిన్న రసీదు.]

నీళ్ల సీసా పారేయకండి. కొన్నప్పుడే చాలావాటి మీద 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు. ఖాళీ సీసా నలక్కుండా తెచ్చి సూపర్ మార్కెట్లో ఈ మెషీన్‌లో పెడితే రసీదు వస్తుంది, కౌంటర్‌లో చూపిస్తే డబ్బు ఇస్తారు.

యూనివర్సిటీ గురించి ఒక్క మాట. ఇక్కడ 1.0 వస్తే అన్నిటికన్నా మంచి గ్రేడ్. 4.0తో పాస్, 5.0 అంటే ఫెయిల్. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే నాన్నగారు ఒకటి చూసి కంగారుపడతారు. క్లాస్ అయ్యాక అందరూ పిడికిలితో బల్లలు తడతారు. మొదటిసారి ఏదో గొడవ అనుకున్నాను. అది మేష్టారికి వాళ్లు కొట్టే చప్పట్లు.

[తెర మీద: చీకటి పడిన వీధి, ట్రామ్ లైట్లు. గోడ గడియారంలో నాలుగున్నర.]

ఇది రాత్రి కాదు, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర. ఈ చీకటి మనసు మీద పడుతుంది, తేలిగ్గా తీసుకోకండి. పగలు గంటసేపైనా బయట నడవండి, రూమ్‌లో ఒక్కరే ఉండిపోకండి.

గడియారం సంగతి కూడా చెప్పాలి. అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ ఇండియాకీ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. నేను రోజూ ఇక్కడ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేదాన్ని, అమ్మ అక్కడ తొమ్మిదిన్నరకి ఎత్తేది. ఆ ఆదివారం కూడా ఆరింటికే చేశాను. అక్కడ పదిన్నర. ‘గంట నుంచి ఫోన్ ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను, ఏమైందిరా’ అంది. గొంతు వణుకుతోంది. అక్టోబర్ రాగానే ఈ మాట ఇంట్లో చెప్పి ఉంచండి.