ఊరి ప్లాను ఎవరు గీయాలి?

[దృశ్యం: గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామంలో పాత పెంకుటిల్లు. గోడ మీద రెండు సుద్ద గీతలు. ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి భుజం ఎత్తులో.]

నమస్కారం అండీ. ఈ గోడ చూడండి. కింది గీత 2022 జులై వరదది. పైది 1986 ఆగస్టుది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 2022లో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986లో సుమారు 35 లక్షలు. ఈ లెక్కలు ఆఫీసు రికార్డుల్లో దొరుకుతాయి. కానీ ఆ నీరు ముందు ఏ సందులోంచి వచ్చింది, ఎన్ని రోజులకు తీసింది, గొడ్లను ఎక్కడికి తోలారు అన్నది మాత్రం ఈ ఇంటి మామ్మగారిని అడగాల్సిందే.

ఊరికి ఇరవై ఏళ్ల ప్లాను వేసేటప్పుడు ఈ మామ్మగారిని ఎవరైనా అడుగుతున్నారా? ఈ వీడియో దాని గురించే.

[దృశ్యం: పంచాయతీ ఆఫీసు, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు.]

చట్టం ప్రకారమైతే అడగాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. సర్పంచి గారు పిలిస్తేనే సభ్యులు, లేకపోతే కాదు అనేం లేదు. తాగునీరు, రోడ్లు, చిన్ననీటి వనరులు, చేపల పెంపకం ఇలా 29 విషయాలు పంచాయతీలకు అప్పగించదగినవని 11వ షెడ్యూలు చెబుతోంది. ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి గ్రామసభ ముందు పెట్టాలి. 2024 ఆగస్టు 23న మన ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు కూడా.

ఇక నేను చూసిన మొదటి గ్రామసభ సంగతి చెప్తా. ఊరి పేరు వద్దులెండి. సార్వా, అంటే ఖరీఫ్ వరి, ఊడ్పుల రోజులు. పొద్దున్న పదకొండింటికి సభ. ఆడవాళ్లంతా చేలల్లో ఉన్నారు, కౌలు రైతులు ఆకుమడి దగ్గరున్నారు. కుర్చీల్లో పది పన్నెండు మంది ఉన్నారేమో, అందులో సగం మంది టీ కోసం వచ్చినవాళ్లు. రెండు రోజుల తర్వాత మినిట్స్ బుక్కు ఇంటికే వచ్చింది. మా నాన్న సంతకం పెట్టేసి, పుస్తకం మూసేశాక అడిగారు: "ఇంతకీ ఏం రాశారండీ ఇందులో?"

సభ రాత్రి ఏడింటికి రావిచెట్టు కింద పెట్టుంటే ఆ పుస్తకం ఇల్లిల్లూ తిరగాల్సిన పని ఉండేది కాదు.

టైము ఒక్కటే కాదు, అడిగే ప్రశ్న కూడా ముఖ్యమే. "మీకేం కావాలి?" అని అడిగితే సీసీ రోడ్డు, వీధి లైటు, కమ్యూనిటీ హాలు అంటాం. తప్పేం లేదు, కావాల్సినవే. కానీ అవి ఈ ఏటి కోరికలు. పొడుగు రకం కొబ్బరి మొక్క వేస్తే కాపుకే ఆరేడేళ్లు ఆగుతాం. ఊరి ప్లాను మాత్రం మార్చికి మార్చి!

అడగాల్సింది ఇలాగండీ. మీ బోరు నీళ్లు ఉప్పగా మారింది ఏ ఏడాది నుంచి? అప్పటికి పక్కన చేపల, రొయ్యల చెరువులు తవ్వారా? ఇప్పుడు కొబ్బరి దింపు తీసేవాళ్ల వయసెంత, వాళ్ల తర్వాత చెట్టెక్కేదెవరు? మీ పిల్లలు ఏటిగట్టు లోపల, ఏటి వైపు, ఇల్లు కట్టుకుంటానంటే ఒప్పుకుంటారా? చివరి ప్రశ్నకి సభలో చప్పుడు ఉండదు. అసలు మాట ఆ తర్వాతే మొదలవుతుంది.

[దృశ్యం: బడి ఆవరణ. నేల మీద ముగ్గు, రంగులు, ఇటుక ముక్కలు, కొబ్బరి చిప్పలు.]

ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కంప్యూటర్ అక్కర్లేదు. నేల మీద ముగ్గుతో ఊరి మ్యాపు గీస్తారు. నీలం రంగు పంట కాలువ, బొగ్గుపొడి మురుగు కాలువ, చిప్ప బోర్లిస్తే ఇల్లు. మగవాళ్ల చేతికి ముగ్గు ఇస్తే రోడ్డు, గుడి, పంచాయతీ ఆఫీసు, కోఆపరేటివ్ సొసైటీ టకటకా వచ్చేస్తాయి. ఆడవాళ్లకి ఇస్తే కుళాయి రాని వీధి, చీకటి పడితే నడవలేని పుంత దారి, మంచినీళ్ల చెరువులోకి మురుగు కలిసే చోటు కనిపిస్తాయి. దళితపేట వాళ్లు రాలేదనుకోండి, మ్యాపులో పేట రెండు చిప్పలతో సరి. అందుకే ఎవరు వచ్చారో లెక్క రాసుకుంటే చాలదు, ముగ్గు పట్టుకున్నదెవరో కూడా రాసుకోవాలి.

తర్వాత ఎర్ర రంగుతో వరద గీత. 1986 చూసినవాళ్లు ఒక గీత, 2022 చూసినవాళ్లు ఒక గీత గీస్తారు. "కాదు, నీళ్లు బడి మెట్ల దాకా వచ్చాయి", "నీ మొహం, మెట్లు అప్పటికి కట్టనే లేదు" అని కాసేపు గొడవ జరుగుతుంది. జరగనివ్వండి. కొత్త అంగన్‌వాడీ ఏ స్థలంలో కట్టకూడదో ఆ గొడవలోనే తేలిపోతుంది.

[దృశ్యం: డ్రెయిను, అంటే చేల నీటిని సముద్రానికి తీసుకెళ్లే పెద్ద మురుగు కాలువ. నిండా గుర్రపు డెక్క. దూరంగా సముద్రం.]

ఇక్కడ అసలు చిక్కు వస్తుంది. ముగ్గు మ్యాపులో ఆ బొగ్గుపొడి గీత ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుంది. నీరు ఆగదు కదా!

డెల్టాలో ఒక ఊరి మురుగు పక్క ఊరి ముంపు. పైవాళ్లు బాగు చేసుకుని నీరు వేగంగా వదిలితే, కింద డెక్క పేరుకున్న ఊళ్లో చేలు మునుగుతాయి. చిట్టచివర డ్రెయిను సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడితే, పోటు వేళ ఉప్పునీరు వెనక్కి తంతే, పైన ఎన్ని ప్లాన్లు వేసినా అంతే సంగతి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయం అని పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీలతో పాటు డ్రెయిన్ల పూడిక కూడా అప్పటి కారణాల్లో ఒకటి. పెద్ద డ్రెయిన్లు జలవనరుల శాఖవి, పంచాయతీవి కావు. పైగా 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు.

అందుకే నా అభిప్రాయం ఒకటే. ఇక్కడ ఇరవై ఏళ్ల ప్లానుకి ఊరు సరిపోదు, డ్రెయినే కొలత. ఒకే డ్రెయిను మీదున్న ఊళ్లన్నీ తమ ముగ్గు మ్యాపులతో ఒక చోట కూర్చోవాలి. కులాలు, పార్టీలు, పైఊరు, కిందిఊరు పాత పగలు అన్నీ వస్తాయి, నాకు తెలుసు. కానీ పంట కాలువ విషయంలో ఈ ఆలోచన మనకి కొత్తది కాదు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఊరి హద్దుని బట్టి కాకుండా నీరు పారే ఆయకట్టుని బట్టే ఏర్పడ్డాయి. వచ్చే నీటికి సంఘం ఉన్నప్పుడు పోయే నీటికి మాత్రం ఎవరి దారి వాళ్లదా?

జనం ప్లాను వేస్తే డబ్బెవరిస్తారు అంటారా? కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇస్తామని ముందే చెప్పింది. చేతిలో డబ్బుంటే సభకి జనం వాళ్లే వస్తారు. మన దగ్గర అంత లేదు. ఉన్నదాంట్లో మొదలుపెట్టడమే.

[దృశ్యం: మబ్బు పట్టిన ఆకాశం, కింద పూర్తయిన ముగ్గు మ్యాపు.]

మీ ఊళ్లో ముగ్గు మ్యాపు వేస్తే ఒక్క జాగ్రత్త. వాన రాకముందే బడి మేడ మీదకెక్కి ఫోటో తీయండి. పిల్లల చేత చార్టు మీద ఎక్కించండి. ఒక కాపీ తీర్మానంతో పాటు మినిట్స్ బుక్కులో, ఒకటి గ్రామ సచివాలయం గోడకి, ఇంకోటి డ్రెయిను కింది ఊరి సర్పంచి గారికి. ఆ మూడోది మాత్రం పోస్టులో పంపకండి, మీరే పట్టుకెళ్లండి.