మోటార్లు తర్వాత, ముందు మర (స్క్రూ) సంగతి చూద్దాం

నమస్కారం. బల్ల మీద కనిపిస్తున్నది తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే, చేతితో తిప్పే చిన్న మిల్లింగ్ మెషీన్. ఇప్పుడు కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తోంది. దీన్ని మార్చాలని అనుకున్న మొదటి రోజు నేను కూడా అందరిలాగే ఏ మోటార్లు కొనాలా అని లెక్కలు వేసుకున్నాను. ఆ కాగితం పక్కన పెట్టించింది, చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే ఈ డయల్ గేజే.

టేబుల్‌ను జరిపే పాత మర ఉన్నప్పుడు తీసిన దృశ్యం చూడండి. గేజ్‌ను టేబుల్‌కు ఆనించాను. హ్యాండిల్‌ను కుడివైపు తిప్పుతుంటే ముల్లు కదులుతోంది. ఆపి, ఎడమవైపు తిప్పుతున్నాను. హ్యాండిల్ తిరుగుతోంది, ముల్లు కదలడం లేదు. ఇంకా లేదు. ఇదిగో, ఇప్పుడు కదిలింది. హ్యాండిల్ మీది గీతల ప్రకారం 0.2 మిల్లీమీటర్లు ఊరికే పోయాయి. మరకూ నట్టుకూ మధ్య ఉన్న ఈ వదులునే బ్యాక్‌లాష్ అంటారు.

చేత్తో పని చేసేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు చేరుకోవడం చేతికే అలవాటవుతుంది. కంప్యూటర్ వృత్తం కోయాలంటే ఒక్కో అక్షం రెండేసి సార్లు దిశ మార్చుకోవాలి. దిశ మారిన నాలుగు చోట్లా అంచు మీద చిన్న మెట్టు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకోవచ్చు కదా అంటారు. ఆ వెసులుబాటు ఉంది, కానీ నాకు నమ్మకం లేదు. క్లైంబ్ మిల్లింగ్‌లో, అంటే కట్టర్ పళ్లు తిరిగే వైపుకే టేబుల్ కూడా కదిలే కోతలో, ఆ పళ్లు టేబుల్‌నే తమ వైపు లాక్కుంటాయి. వదులు ఉన్నంత మేరా అది ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ దూకుడు సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, విరిగిన కట్టర్‌కే తెలుస్తుంది.

అందుకే బాల్‌స్క్రూలు వేశాను. 16 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్ల కదలిక. నట్టులో ఉక్కు గోళీలు దొర్లుతాయి కాబట్టి రాపిడి తక్కువ, వదులూ తక్కువ. అయితే స్క్రూ మార్చి చివర పాత బేరింగ్ ఉంచేస్తే దండగే. స్క్రూ మొత్తం ముందుకూ వెనక్కూ కదిలితే అది కూడా బ్యాక్‌లాషే. ఒక చివర, స్క్రూ పొడవునా వచ్చే తోపును తట్టుకునే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జంటను ఎదురెదురుగా బిగించాలి. టేబుల్ పక్క వదులును సరిచేసే గిబ్ పట్టీని కూడా అప్పుడే చూసుకోండి.

నిలువు అక్షం దగ్గర నాకు ఒక పాఠం దక్కింది. పాత మర రాపిడితో తనంత తానే నిలిచేది, బాల్‌స్క్రూ నిలవదు. ఒక సాయంత్రం కరెంటు ఆపగానే హెడ్ నింపాదిగా దిగివచ్చి, కట్టర్‌తో సహా, కోసే ముక్కను పట్టుకునే వైస్ మీద కూర్చుంది. ఇప్పుడు దానికి గ్యాస్ స్ప్రింగ్ ఊతం ఉంది. బ్రేకు ఉన్న మోటారైనా సరే.

ఇక మోటార్లు. చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటారు సాధారణంగా ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. మోటారుకు కరెంటు అందించే డ్రైవర్‌లో ఒక్కో అడుగును 8 ముక్కలు చేస్తే చుట్టుకు 1600 పల్సులు, అంటే సంకేతాలు. 5 మిల్లీమీటర్లకు 1600 అంటే, మిల్లీమీటరుకు 320. కంప్యూటర్‌కు ఇవ్వాల్సిన అంకె ఇదే. వేగం పెరిగే కొద్దీ స్టెప్పర్ బలం తగ్గుతుంది. డ్రైవర్ తట్టుకునేంత మేర వోల్టేజ్ పెంచితే ఆ తగ్గుదల ఆలస్యమవుతుంది. మామూలు స్టెప్పర్ ఒక అడుగు తప్పినా కంప్యూటర్‌కు తెలియదు, వేసిందనే అనుకుంటుంది. ఎంత తిరిగిందో కొలిచి చెప్పే ఎన్‌కోడర్ ఉన్నవాటికి ఆ బెడద తక్కువ.

మోటార్లకు ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ గురించి వాదనలకు అంతు లేదు. ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడిచే గ్రబుల్ సాఫ్ట్‌వేర్ నాకు సరిపోయింది. నాలుగో అక్షం మీద కన్ను ఉంటే లినక్స్ కంప్యూటర్ మీద నడిచే లినక్స్‌సీఎన్‌సీ చూడండి. ఒక్క మాట మాత్రం పట్టు విడవకుండా చెబుతాను: ఎర్ర అత్యవసర బటన్ మోటార్ల కరెంటునూ, కట్టర్‌ను తిప్పే స్పిండిల్ కరెంటునూ నేరుగా తెంచాలి. ఆగమని సాఫ్ట్‌వేర్‌ను బతిమాలేది కాకూడదు.

అన్నీ కలిపాక మొదట గాలిలో తిప్పాను. తర్వాత స్పిండిల్‌లో కలం బిగించి కాగితం మీద గీయించాను. ఆ తర్వాతే అల్యూమినియం. ఇదిగో ఆ బిళ్ల. దిశ మారే ఈ చోట గోరు పెట్టి చూస్తున్నాను. ఎక్కడా తగలడం లేదు.