ఉరుమిందా, ఎవరైనా పిలిచారా? బైబిల్లో పెద్ద స్వరం

దృశ్యం: కాజీపేట జంక్షన్, సాయంత్రం. బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఆగకుండా పోతోంది. పది సెకన్లపాటు ఆ శబ్దాన్ని అలాగే వదలాలి.

వాయిస్: అందరికీ వందనాలు. ఈ మోత విన్నారు కదా. కాజీపేటలో గూడ్సు పోతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. మైకులో అనౌన్స్‌మెంట్ వస్తూనే ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. పోయిన నెల నేను అక్కడే నిలబడి ఉన్నాను. అంత మోతలోనూ ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీది నుంచి "ఓ బిడ్డా, ఇటు!" అని కేక వినపడింది. టక్కున తిరిగాను. మా అమ్మ. అమ్మ గొంతు రైలు కంటే పెద్దదేమీ కాదు. కానీ రైలుది మోత, అమ్మది పిలుపు.

బైబిల్లో "గొప్ప స్వరము" అని, "మహాధ్వని" అని, "బిగ్గరగా" అని చదివిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తుంది. అది మోతా, పిలుపా? యోహాను సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రార్థిస్తుండగా ఆకాశం నుంచి ఒక స్వరం వస్తుంది. అక్కడున్న జనంలో కొందరు ఉరుమిందన్నారు. ఇంకొందరు దేవదూత మాట్లాడాడన్నారు. అందరి చెవిన పడిన శబ్దం ఒక్కటే.

తెరపై: కోల్

వాయిస్: పాత నిబంధన రాసిన హీబ్రూ భాషలో ఒక చిన్న మాట ఉంది. కోల్. మనిషి గొంతు కోల్. బూర శబ్దం కోల్. ఉరుము కూడా కోలే. మనకు శబ్దం వేరు, ధ్వని వేరు, స్వరం వేరు. అందుకే మన అనువాదకులు ఈ మాట ఎదురైన ప్రతిచోటా ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. నిర్గమకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. సీనాయి కొండ మీద ఉరుములు, మెరుపులు, దట్టమైన మేఘం, బూర మహాధ్వని. పాళెంలో, అంటే గుడారాలు వేసుకున్న చోట, ఉన్నవాళ్ళంతా వణికిపోయారు. బూర శబ్దం అంతకంతకూ పెరుగుతుంటే మోషే మాట్లాడుతున్నాడు, దేవుడు స్వరంతో జవాబిస్తున్నాడు. ఆ ఉరుములు, ఆ ధ్వని, ఆ స్వరం, మూడు చోట్లా హీబ్రూలో ఉన్నది కోల్ అనే మాటే. తెలుగులో చదివితే మూడు సంగతుల్లా ఉంటుంది. ఆ భాషలో విన్నవాడికి ఉరుము మెల్లమెల్లగా మాటగా మారుతున్నట్టు ఉంటుంది. నాకైతే ఇది తెలిసిన రోజు ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి చదవాలనిపించింది.

29వ కీర్తనలో "యెహోవా స్వరము" అని ఏడుసార్లు వస్తుంది. అది కూడా కోలే. లెబానోను దేవదారు చెట్లను విరిచే స్వరం. పైకి చదివి చూడండి, గాలివాన ఊరి మీదికి వచ్చి దాటిపోయినట్టు ఉంటుంది.

దృశ్యం: పల్లెలో డప్పు కొడుతున్న చేతులు. దగ్గరగా, చర్మం అదిరేది కనపడాలి.

వాయిస్: ఇక బూర సంగతి. మన పల్లెల్లో డప్పు మోగితే పెద్దవాళ్ళు ఇంట్లోంచి బయటికి రాకుండానే చెప్పేస్తారు, ఇది పెళ్ళా, చావా, చాటింపా అని. దరువును బట్టి. సంఖ్యాకాండం 10వ అధ్యాయంలో వెండి బూరలు రెండు చేయించమని దేవుడు మోషేకు చెబుతాడు. రెండూ ఊదితే జనమంతా రావాలి. ఒక్కటే ఊదితే పెద్దలు మాత్రమే రావాలి. ఆర్భాటంగా ఊదితే పాళెం కదలాలి. బూర గొప్పతనం దాని మోతలో లేదు, వినేవాళ్ళకు దాని అర్థం తెలియడంలో ఉంది. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథు సంఘానికి పంపిన ఉత్తరంలో ఇదే రాశాడు. బూర స్పష్టంగా మోగకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడు అని.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వద్దాం. షిలోహు, అప్పట్లో దేవుని మందిరం ఉన్న ఊరు. సమూయేలు మొదటి గ్రంథం మొదటి నాలుగు అధ్యాయాల్లో ఏలీ అనే ముసలి యాజకుడు ఉంటాడు. ఆయన కథంతా వినికిడి గురించేనని నాకనిపిస్తుంది.

మొదటి అధ్యాయం. పిల్లలు లేని హన్నా మందిరం దగ్గర ఏడుస్తూ ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం మాత్రం వినపడడం లేదు. ఏలీ ఆమె నోటి వైపే చూస్తూ, తాగి వచ్చింది అనుకున్నాడు. ఎంత బాధ! మనసులోది మొత్తం దేవుడి ముందు పోసుకుంటున్న మనిషిని పట్టుకుని, ఎంతసేపు ఈ మత్తు అని అడిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రైలు మోతలో కేక వేసిన మా అమ్మ గురించి చెప్పాను కదా, చర్చిలో ఆమె గొంతు ఎవరూ వినలేదు. చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కొంగు నుదుటి దాకా లాక్కుంటుంది. కింది పెదవి ఒక్కటే వణుకుతూ ఉంటుంది, చేతిలో గాజు ఒకటి వేలితో తిప్పుతూ ఉంటుంది. పక్కనే కూర్చున్నా నాకు ఒక్క అక్షరం వినపడదు. చిన్నప్పుడు అమ్మ నిద్రపోతోంది అనుకునేవాణ్ణి. ఏలీని నేను పెద్దగా తప్పు పట్టలేను.

మూడో అధ్యాయం. రాత్రి. హన్నాకు పుట్టిన బిడ్డ సమూయేలు మందిరంలో పడుకుని ఉన్నాడు. ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఏలీయే పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అన్నాడు ఏలీ. మూడోసారి పిల్లవాడు వచ్చాక గానీ ఆయనకు విషయం తట్టలేదు, పిలుస్తున్నది యెహోవా అని. ఆ పిలుపు ఉరుములా లేదు. ముసలాయన గొంతేమో అని పొరబడేంత మామూలుగా ఉంది.

నాలుగో అధ్యాయం. ఫిలిష్తీయులతో యుద్ధం. ఇశ్రాయేలీయులు ఓడిపోయి, మందసాన్ని, అంటే దేవుడి ఆజ్ఞల పలకలున్న పెట్టెను, పాళెంలోకి తెచ్చుకున్నారు. అది రాగానే భూమి ప్రతిధ్వనించేటంతగా కేకలు వేశారు. బైబిల్లో ఇంత పెద్ద కేక తక్కువ చోట్ల కనపడుతుంది. శత్రువులు కూడా భయపడి, ఈ కేకలకు అర్థమేమిటి అని అడిగారు. ఫలితం? 30,000 మంది కాల్బలం కూలిపోయారు. మందసం పోయింది. ఏలీ కొడుకులిద్దరూ చచ్చిపోయారు. ఆ వార్త ఊళ్ళోకి వచ్చేసరికి ఊరంతా ఏడుపు. 98 ఏళ్ళ ఏలీకి చూపు లేదు. దారి పక్కన పీఠం మీద కూర్చుని, ఈ గోల ఏమిటి అని అడిగాడు. కేకకు అర్థమేమిటని శత్రువులు అడిగిన ప్రశ్నే. హన్నా మౌనం అర్థం కాని మనిషి, చివరికి ఊరి ఏడుపు కూడా అర్థం కాక అడగాల్సి వచ్చింది.

నేలను అదరగొట్టిన ఆ కేక దేవుణ్ణి కదిలించలేదు. శబ్దమే రాని హన్నా ప్రార్థన కదిలించింది. రెండూ ఒకే పుస్తకంలో, మూడు అధ్యాయాల ఎడంలో ఉన్నాయి.

దృశ్యం: ఎండిన కొండ, గాలి. తర్వాత పూర్తి నిశ్శబ్దం, అయిదు సెకన్లు.

వాయిస్: అయితే దేవుడు మెల్లగానే మాట్లాడతాడు, అరిస్తే ఆయనకు నచ్చదు అని తేల్చేయకండి. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో హోరేబు కొండ దగ్గర ఏలీయా ప్రవక్త కథ చూపించి చాలామంది అలా చెబుతారు. గాలిలో లేడు, భూకంపంలో లేడు, మెరుపులో లేడు, "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడింది. నిజమే. అక్కడ కూడా హీబ్రూలో కోల్ అనే ఉంది, సన్నని నిశ్శబ్దపు కోల్. కానీ దానికి ముందు అధ్యాయం కూడా చదవాలి. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు 450 మంది పొద్దున్నుంచి అరిచారు, కోసుకున్నారు, జవాబు రాలేదు. బయలు అంటే ఆ ప్రాంతంలో ఉరుములకూ వానకూ దేవుడిగా కొలిచినవాడు. ఉరుముల దేవుడు పలకలేదు. ఆ తర్వాత హోరేబులో యెహోవా, ఉరుము అవసరం లేకుండా పలికాడు. అదీ ఏలీయాకు అందిన సంగతి. అంతేగానీ గొంతెత్తడం పాపమని ఎక్కడా లేదు.

యేసునే చూడండి. ఆయన కేకలు వేయడు, వీధుల్లో ఆయన స్వరం వినబడదు అని యెషయా రాసిన మాటను మత్తయి ఆయనకే వర్తింపజేశాడు. అదే యేసు బేతనియలో, నాలుగు రోజులైన శవం ఉన్న సమాధి ముందు నిలబడి, "లాజరూ, బయటికి రా" అని బిగ్గరగా పిలిచాడు. సిలువ మీద ప్రాణం విడిచే ముందు పెద్ద కేక వేశాడు. తన గొప్ప చాటుకోవడానికి ఆయన గొంతు లేవలేదు. యెరికో దారి పక్కన గుడ్డి బర్తిమయి అరుస్తుంటే జనం నోరు మూసుకోమన్నారు, వాడు మరింత గట్టిగా అరిచాడు. యేసు ఆగాడు. అడుక్కునేవాడి కేక అయినా ఆయనకు గోల కాలేదు.

దృశ్యం: సౌండ్ మిక్సర్ మీద వేళ్ళు.

వాయిస్: మా సంఘంలో మిక్సర్ దగ్గర కూర్చునేది నేనే. అందుకని ఇది చెప్పక తప్పదు. ఒక ఏడాది ఉపవాస కూటాలకు బాక్సులు బయటికి పెట్టాం. ఎదురింటి పాపకు టెన్త్ పరీక్షలు. ఒక సాయంత్రం వాళ్ళ నాన్న గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి, ఏమీ అనలేక వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సామెతలు 27:14 చదివాను. పొద్దున్నే లేచి పెద్ద శబ్దంతో స్నేహితుణ్ణి దీవించేవాడి దీవెన శాపంగా ఎంచబడుతుంది అని. మనం పాడింది దీవెనే, ఆ ఇంట్లోకి చేరింది మాత్రం టెన్షన్. మర్నాడే బాక్సులు లోపల పెట్టాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఎలాగూ ఉంది. కానీ చట్టం కంటే ముందు ఆ వచనం ఉంది.

తెరపై: ఫోనే మెగాలే

వాయిస్: కొత్త నిబంధన గ్రీకు భాషలో "గొప్ప స్వరము" అంటే ఫోనే మెగాలే. మన జేబులో ఉన్న ఫోన్‌కు పేరు వచ్చింది కూడా ఆ ఫోనే నుంచే. లూకా రాసిన అపొస్తలుల కార్యాలు 7వ అధ్యాయంలో, యేసు శిష్యుడైన స్తెఫనును చంపడానికి వచ్చిన గుంపు ఫోనే మెగాలేతో అరిచింది, చెవులు మూసుకుని. రాళ్ళు పడుతుంటే స్తెఫను మోకాళ్ళూని, అదే ఫోనే మెగాలేతో, ప్రభువా, ఈ పాపం వీళ్ళ మీద మోపవద్దు అన్నాడు. కావాలనే లూకా రెండు చోట్లా అవే మాటలు వాడాడని నా నమ్మకం. ఒకరు చెవులు మూసుకుని అరిచారు. ఇంకొకరు ఆ మూసుకున్నవాళ్ళ కోసమే అరిచారు.

చివరిగా ఫిలిప్పీ ఊరి చెరసాల, అదే పుస్తకం 16వ అధ్యాయం. నడిరాత్రి పౌలు, సీల పాటలు పాడుతున్నారు. భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూశాడు, తనను తాను పొడుచుకోవడానికి. చీకట్లోంచి పౌలు పెద్ద స్వరంతో కేక వేశాడు. నీకు నువ్వు ఏ హానీ చేసుకోకు, మేమందరం ఇక్కడే ఉన్నాం. తమ కాళ్ళను చెక్క బొండలో బిగించినవాడి కోసమే పౌలు వేసిన కేక అది. ఆ అధికారి దీపం తెమ్మని లోపలికి పరుగెత్తాడు. ఆ రాత్రి ఆ గడియలోనే వాళ్ళ దెబ్బలు కడిగాడు.

దృశ్యం: చీకటి గది. ఒక దీపం, ఒక గిన్నెలో నీళ్ళు. సంగీతం వద్దు.